మిడ్‌సైజ్ బిజినెస్ జెట్ కొనాలా, చార్టర్ తీసుకోవాలా? హాకర్ 800ఎక్స్‌పీ ఉదాహరణగా తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో జెట్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది రేటు. పాత మిడ్‌సైజ్ జెట్ విషయంలో రేటు కంటే ముందు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి: ఏడాదికి ఎన్ని గంటలు ఎగురుతారు, ఏయే రన్‌వేల మీద దిగుతారు, ఇంజిన్ల తర్వాతి పెద్ద తనిఖీ ఎప్పుడు. ఈ మూడింటికీ జవాబు లేకుండా బేరం మొదలుపెడితే అమ్మేవాడి చేతికి చిక్కినట్టే. మన దేశంలో చార్టర్ (అద్దె విమానాల) మార్కెట్‌లో బాగా కనిపించిన హాకర్ 800ఎక్స్‌పీని పట్టుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాశాను. పద్ధతి మాత్రం ఏ జెట్‌కైనా పనికొస్తుంది.

ప్ర: మిడ్‌సైజ్ అంటే ఎంత?

చట్టంలో ఉన్న నిర్వచనం కాదు, మార్కెట్‌లో వాడే మాట. ఏడెనిమిది మంది కూర్చునే కేబిన్, నాలుగు గంటలు పైబడి ఆగకుండా ఎగరగల సత్తా, చిన్న జెట్లలో ఉండని సరైన టాయిలెట్ ఉంటే మిడ్‌సైజ్ అంటారు. హాకర్ 800 కుటుంబం, లియర్‌జెట్ 60, సెస్నా సైటేషన్ లాటిట్యూడ్, ఎంబ్రాయర్ ప్రేటర్ 500 ఈ గుంపులోకి వస్తాయి. 800ఎక్స్‌పీ కేబిన్ ఎత్తు 1.75 మీటర్లు, వెడల్పు 1.83 మీటర్లు. ఐదడుగుల తొమ్మిది అంగుళాల లోపు వాళ్లు తల వంచకుండా నడవొచ్చు.

ప్ర: ఇన్ని విమానాలుండగా హాకరే ఎందుకు?

సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో ధర అందుబాటులో కనిపిస్తుంది కాబట్టి చాలామంది చూపు ముందు దీని మీదే పడుతుంది. పడినప్పుడు దీని పుట్టుపూర్వోత్తరాలు తెలిసుండాలి. దీని మూలం బ్రిటన్‌లో డి హావిలాండ్ సంస్థ తయారుచేసిన డీహెచ్ 125. అది మొదటిసారి ఎగిరింది 1962 ఆగస్టు 13న. తర్వాత బ్రిటిష్ ఏరోస్పేస్ చేతికి, 1993లో అమెరికాలోని రేథియాన్ చేతికి వెళ్లింది. 800ఎక్స్‌పీ 1995లో వచ్చింది. రెక్కల చివర పైకి లేచి ఉండే వింగ్‌లెట్లు పెట్టి 850ఎక్స్‌పీ, కొత్త ఇంజిన్లు పెట్టి 900ఎక్స్‌పీ తెచ్చారు. 2012 మేలో, అప్పటికి వీటిని తయారుచేస్తున్న హాకర్ బీచ్‌క్రాఫ్ట్ దివాలా రక్షణ కోరింది, ఆ తర్వాత హాకర్ జెట్ల తయారీ ఆగిపోయింది. 2014లో ఆ సంస్థను టెక్స్‌ట్రాన్ కొనేసింది. విడిభాగాలు, సాంకేతిక సాయం ఇప్పుడు అక్కడి నుంచే.

దీని అర్థం ఏమిటంటే, మార్కెట్‌లో ఉన్న హాకర్లలో అన్నిటికంటే చిన్నది కూడా పుష్కరం దాటింది. ప్రెషరైజ్డ్ (లోపల గాలి ఒత్తిడి నిలిపి ఉంచే) విమానాలను ప్రయాణికుల కోసం దిగుమతి చేసుకోవడానికి, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వయసు పరిమితి పెట్టింది. ఆ పరిమితిని ఇప్పటికే సవరించారు కూడా. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆరోజు అమల్లో ఉన్న నిబంధన చదవండి, బ్రోకర్ నోటిమాట సరిపోదు. ఇప్పటికే వీటీ (భారతీయ) రిజిస్ట్రేషన్ ఉన్న హాకర్‌కి ఈ దిగుమతి గొడవ ఉండదు. అందుకే బయట చౌకగా దొరికే 800ఎక్స్‌పీ కంటే, కొంచెం ఎక్కువ పెట్టయినా మన దేశంలో నమోదైనదాన్నే ముందు చూడమంటాను.

ప్ర: హైదరాబాద్ నుంచి ఆగకుండా ఎక్కడిదాకా వెళ్తుంది?

800ఎక్స్‌పీ రేంజ్ సుమారు 2,500 నాటికల్ మైళ్లు, అంటే 4,600 కిలోమీటర్లు. ఢిల్లీ దాదాపు 1,250 కిలోమీటర్లు, రెండు గంటల లోపే. దుబాయ్ 2,550 కిలోమీటర్లు, సింగపూర్ 3,300 కిలోమీటర్లు. ఈ మూడూ దీనికి సునాయాసం. శీతాకాలంలో పడమటికి వెళ్తే ఎదురుగాలి వల్ల టైం పెరుగుతుంది. అమ్మేవాళ్లు చూపించే అంకె గాలి లేని రోజుది.

లండన్ సంగతి వేరు. దూరం 7,700 కిలోమీటర్లు పైనే. దుబాయ్‌లో ఆగి వెళ్దామంటే అక్కడి నుంచి లండన్ ఇంకా 5,500 కిలోమీటర్లు, అది దీని వల్ల కాదు. అజర్‌బైజాన్‌లోని బాకూ లాంటి చోట ఆగితే లెక్కప్రకారం కుదురుతుంది గానీ, 2025 ఏప్రిల్‌లో భారతీయ రిజిస్ట్రేషన్ విమానాలకు పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక ఆ దారి బాగా చుట్టుతిరుగుడు అయింది. “ఒక్క స్టాపుతో లండన్” అని ఎవరైనా చెబితే రూటు గీసి చూపించమనండి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడానికి మిడ్‌సైజ్ జెట్ ఊసే వద్దు, ఎయిర్‌లైన్‌లో బిజినెస్ క్లాస్ హాయి.

ప్ర: ఎనిమిది సీట్లున్నాయి కదా, ఎనిమిది మందీ లగేజీతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ లెక్క కట్టాక. గరిష్ఠ టేకాఫ్ బరువు 12,701 కిలోలు. ఫుల్ ట్యాంకు ఇంధనం సుమారు 4,536 కిలోలు. సిబ్బందితో కలిపి ఖాళీ విమానం 7,400 కిలోలనుకుంటే (ఇంటీరియర్‌ని బట్టి ప్రతి విమానానికీ ఇది మారుతుంది, వెయింగ్ రిపోర్ట్ అడగండి) మిగిలేది 765 కిలోలు. మనిషికి లగేజీతో కలిపి 95 కిలోలు వేసుకుంటే ఎనిమిది మంది సరిగ్గా అంచు మీద నిలబడతారు. ఢిల్లీకైతే ఫుల్ ట్యాంకు అక్కర్లేదు కాబట్టి ఇబ్బంది లేదు. సింగపూర్‌కి ఎనిమిది మంది, పెళ్లి సామాను అంటే పైలట్ ముందే కాగితం పెన్ను తీస్తాడు.

బరువు కంటే జాగా పెద్ద సమస్య. 800ఎక్స్‌పీకి బయట లగేజీ అర లేదు, పెట్టెలన్నీ కేబిన్ ముందు భాగంలోనే పెట్టాలి. గోల్ఫ్ కిట్లు, గట్టి సూట్‌కేసులు ఉంటే ఎక్కే దారే ఇరుకవుతుంది. ఈ ఫిర్యాదు ఎక్కువవడంతో హాకర్ 750 మోడల్‌లో విమానం పొట్టకింద ఉన్న ఇంధన ట్యాంకు తీసేసి అక్కడ లగేజీ అర పెట్టారు. ఫలితంగా రేంజ్ తగ్గింది. మీ ఇంట్లో సామాను ఎక్కువా, దూర ప్రయాణాలు ఎక్కువా అన్నదాన్ని బట్టి ఏది కావాలో తేల్చుకోవాలి. చూడ్డానికి వెళ్లిన రోజు మీ సొంత సూట్‌కేసులు తీసుకెళ్లి పెట్టి చూడండి. బ్రోకర్ నవ్వినా సరే.

ప్ర: మే నెల ఎండలో మన రన్‌వేలు సరిపోతాయా?

ఇది చాలామంది అడగని ప్రశ్న, నిజానికి మనకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర పూర్తి బరువుతో 800ఎక్స్‌పీకి టేకాఫ్‌కి సుమారు 1,530 మీటర్లు చాలు. మన దగ్గర ఆ 15 డిగ్రీలు ఎక్కడివి? ఎండ పెరిగేకొద్దీ, నేల ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, రెక్కకు కావాల్సిన వేగం పెరుగుతుంది. ఒక ఇంజిన్ ఆగిపోయినా ఎక్కగలగాలి అన్న షరతు దీనికి తోడు.

బేగంపేట, శంషాబాద్ రన్‌వేలు పొడవైనవి, టెన్షన్ లేదు. గన్నవరం కూడా అంతే. చూసుకోవాల్సింది కర్నూలు ఓర్వకల్లు, పుట్టపర్తి లాంటివి. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. పుట్టపర్తిది దానికంటే కొంచెం పొడవు, కానీ ఆ ఊరే సముద్రమట్టానికి 1,500 అడుగులు పైన ఉంది. మే నెల మధ్యాహ్నం మూడింటికి 42 డిగ్రీల్లో అక్కడి నుంచి ఫుల్ ట్యాంకుతో లేవాలంటే ఇంధనమో మనుషులో తగ్గాల్సి రావొచ్చు. తెల్లవారుజామున బయల్దేరితే అదే విమానం అదే బరువుతో లేస్తుంది. 800ఎక్స్‌పీలో ఉన్నవి టీఎఫ్‌ఈ731-5బీఆర్ ఇంజిన్లు, 900ఎక్స్‌పీలో -50ఆర్. రెండోదానికి ఎండలో బలం ఎక్కువ, పెద్ద తనిఖీల మధ్య గడువూ ఎక్కువ. రాయలసీమలో ఫ్యాక్టరీ ఉండి వారంవారం వెళ్లేవాళ్లకు 900ఎక్స్‌పీ మీద పెట్టే అదనపు డబ్బు వృథా కాదు.

విమానం చూసేటప్పుడు మీరు ఎక్కువగా వాడబోయే రెండు చిన్న రన్‌వేల పేర్లు చెప్పి, 40 డిగ్రీలకు, ఆరుగురికి, పెర్ఫార్మెన్స్ లెక్క రాసిమ్మని అడగండి. రాసివ్వకుండా “అవుద్దండీ” అన్నవాళ్ల దగ్గర కొనకండి.

ప్ర: పాతికేళ్ల విమానం, భద్రమేనా?

ఈ రకం ఎయిర్‌ఫ్రేమ్‌కి (ఇంజిన్లు కాక మిగిలిన విమాన శరీరానికి) గట్టిదన్న పేరుంది. 2006 ఆగస్టు 28న అమెరికాలోని నెవాడాలో ఒక 800ఎక్స్‌పీని సుమారు 16,000 అడుగుల ఎత్తులో గ్లైడర్ ఢీకొట్టింది. ముక్కు చితికిపోయింది, ఒక ఇంజిన్ ఆగిపోయింది. అయినా పైలట్లు చక్రాలు దించకుండానే కార్సన్ సిటీలో దింపారు, లోపల ఉన్నవాళ్లంతా బతికారు. గ్లైడర్ పైలట్ కూడా ప్యారాచూట్‌తో బయటపడ్డాడు.

ఒక్క సంఘటన చూసి ధైర్యపడమని నేను చెప్పను. వయసు మీద పడ్డ విమానానికి ప్రమాదం తుప్పు నుంచి, దాటేసిన తనిఖీల నుంచి, గోడౌన్‌లో ఎన్నాళ్లుందో తెలియని విడిభాగాల నుంచి వస్తుంది. విశాఖ, చెన్నై, ముంబై లాంటి సముద్రపుగాలి ఊళ్లలో ఏళ్లతరబడి హ్యాంగర్ లేకుండా బయట నిలబెట్టిన విమానమైతే తుప్పు కోసం ప్రత్యేకంగా వెతికించాలి. కదలకుండా పడున్న విమానం కంటే నెలనెలా ఎగిరిన విమానమే మేలు. “చాలా తక్కువ గంటలు తిరిగిందండీ” అన్న మాట కారు విషయంలో మెప్పు, జెట్ విషయంలో అనుమానం.

ప్ర: కొనేముందు ఏమేం చూడాలి?

ముందు లాగ్‌బుక్కులు. మొదటి రోజు నుంచి ఈరోజు దాకా ఒక్క పేజీ తప్పకుండా ఉండాలి. మధ్యలో ఆరు నెలల రికార్డు లేదంటే విమానం విలువ ఒక్కసారిగా పడిపోతుంది, తిరిగి అమ్మేటప్పుడు మీకూ అదే గతి. దెబ్బతిని రిపేరు చేసిన చరిత్ర ఉంటే ఎవరు చేశారు, ఏ అనుమతి డ్రాయింగ్ మీద చేశారు అన్నది చూడాలి.

తర్వాత కొనుగోలు ముందు తనిఖీ. దీన్ని అమ్మేవాళ్లు ఎప్పుడూ పని చేయించే వర్క్‌షాపులో చేయించొద్దు. హాకర్ మీద పని చేసి చేసి చెయ్యి తిరిగిన మరో చోట, మీ ఖర్చుతో చేయించండి. హాకర్‌కి 12, 24, 48 నెలల తనిఖీలుంటాయి. 48 నెలలది పెద్దది, విప్పి చూస్తే కొత్త పనులు బయటపడతాయి. అది మూడు నెలల్లో రాబోతోందంటే అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో అర్థమైపోవాలి. ఆ తనిఖీనే కొనుగోలు తనిఖీగా చేయించి, బయటపడ్డ లోపాల ఖర్చు అమ్మేవాడిదే అని ఒప్పందంలో రాయించుకోవడం తెలివైన పద్ధతి.

ఇంజిన్ల దగ్గర తొందర పనికిరాదు. 800ఎక్స్‌పీలోని -5బీఆర్‌కి 2,100 గంటలకు ఒక పెద్ద తనిఖీ, 4,200 గంటలకు లోపలి భాగాలన్నీ విప్పే కోర్ జోన్ తనిఖీ. రెండు ఇంజిన్లకీ ఒకేసారి కోర్ జోన్ పడితే ఆ బిల్లు పాత విమానం ధరకు దగ్గరగా పోయినా ఆశ్చర్యం లేదు. అందుకే రెండు విమానాల ధర పోల్చేటప్పుడు ఇంజిన్‌లో మిగిలిన గంటలను కూడా డబ్బుగా లెక్కేసి కలపాలి. అలా కలిపితే ‘చౌక’ విమానం చాలాసార్లు ఖరీదైనదిగా తేలుతుంది.

ఏవియానిక్స్ (కాక్‌పిట్‌లోని ఎలక్ట్రానిక్ పరికరాలు) కూడా చూడాలి. మన గగనతలంలో పై ఎత్తుల్లో ఎగరడానికి ఆర్‌వీఎస్‌ఎం (విమానాల మధ్య తక్కువ ఎత్తు తేడాతో ఎగరడానికి అనుమతి), ఏడీఎస్-బీ (విమానం ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం) కావాలి. దారి చూపే మన గగన్ ఉపగ్రహ వ్యవస్థకు సరిపోయే పరికరాలున్నాయో లేదో అడగాలి. పాత కాక్‌పిట్‌ని మార్చడం అవుతుంది గానీ, డబ్బుకి డబ్బు, విమానం నేలమీద ఉండే రోజులకు రోజులు.

ఇంటీరియర్ గురించి నేను చెప్పేదేమీ లేదు. కొత్త లెదర్ ఎవరైనా వేస్తారు.

ప్ర: ఇంజిన్ ప్రోగ్రామ్ ఉందంటున్నారు, అదేంటి?

ఎగిరిన ప్రతి గంటకూ ఇంత అని ముందే కడుతూ పోతే, పెద్ద తనిఖీ వచ్చినప్పుడు బిల్లు ప్రోగ్రామ్ భరిస్తుంది. ఈ ఇంజిన్లకు వీటిని తయారుచేసే హనీవెల్ వాళ్ల ఎంఎస్‌పీ అనే ప్రోగ్రామ్ ఉంది, జెఎస్‌ఎస్‌ఐ లాంటి బయటి సంస్థలవీ ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో ఉన్న విమానం రేటు ఎక్కువ, అమ్ముడుపోవడం తేలిక. రెండు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి: బకాయిలు లేవని, కొత్త యజమాని పేరుకి బదిలీ అవుతుందని. నెట్‌జెట్స్ లాంటి ఫ్రాక్షనల్ (ఒక్కో విమానాన్ని పలువురికి వాటాలుగా అమ్మి నడిపే) సంస్థల నుంచి బయటికొచ్చిన హాకర్లకు గంటలు ఎక్కువే ఉంటాయి కానీ రికార్డులు శుభ్రంగా ఉంటాయి. వాటిని చూడగానే వద్దనకండి.

ప్ర: ఏడాదికి ఎన్ని గంటలైతే సొంతది గిట్టుబాటు?

పరిశ్రమలో పాటించే మోటు లెక్క ఇది: 50 గంటల లోపైతే చార్టర్, 200 దాటితేనే సొంతం గురించి ఆలోచన. మధ్యలో ఉన్నవాళ్లు ఒకే ఆపరేటర్‌తో గంటల ప్యాకేజీ మాట్లాడుకోవడం మంచిది.

కారణం స్థిర ఖర్చు. విమానం కదలకపోయినా పైలట్ల జీతాలు, సిమ్యులేటర్ శిక్షణ, ఇన్సూరెన్స్, పార్కింగ్, నిర్వహణ సంస్థ రుసుం, క్యాలెండర్ ప్రకారం వచ్చే తనిఖీలు ఆగవు. కేవలం లెక్క అర్థం కావడానికి ఏడాదికి ఇవన్నీ కలిపి 6 కోట్లనుకుందాం. 100 గంటలు ఎగిరితే గంటకు 6 లక్షలు, ఇంధనం పోయకముందే. 300 గంటలు ఎగిరితే అదే 2 లక్షలు. ఇంధనం గంటకు సుమారు వెయ్యి లీటర్లు పైచిలుకు తాగుతుంది. ఈ విమాన ఇంధనం (ఏటీఎఫ్) మీద వ్యాట్ తెలుగు రాష్ట్రాల్లో ఒక శాతానికి తగ్గించారు, తమిళనాడులో చాలాకాలంగా 29 శాతం. అందుకే తెలివైన ఆపరేటర్లు చెన్నై వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణానికీ కలిపి ఇక్కడే నింపుకుంటారు.

గంటలు లెక్కేసేటప్పుడు నిజాయితీగా ఉండండి. గత రెండేళ్ల మీ టికెట్లు, చార్టర్ బిల్లులు బయటికి తీసి కూడండి. “కొన్నాక ఎక్కువ తిరుగుతాం” అన్నది లెక్కలోకి రాదు.

ప్ర: ప్రైవేట్ రిజిస్ట్రేషన్‌కీ ఎన్‌ఎస్‌ఓపీకీ తేడా ఏంటి?

తెల్ల నంబరు ప్లేటు కారుకీ పసుపు ప్లేటు కారుకీ ఉన్న తేడానే. ప్రైవేట్ కేటగిరీ విమానంలో మీరు, మీ వాళ్లు, మీ కంపెనీవాళ్లు ఎగరొచ్చు, డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించకూడదు. డబ్బు తీసుకోవాలంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (ఎన్‌ఎస్‌ఓపీ) ఉండాలి. అంటే బాధ్యుడైన మేనేజర్, ఆపరేషన్స్ మాన్యువల్, విమానయోగ్యత నిర్వహణ సంస్థ, ఆడిట్‌లు, అన్నీ.

పన్నులో తేడా భారీగా ఉంది. సొంత వాడకానికి విమానం మీద జీఎస్టీ అంతకుముందు 28 శాతం, దానిపైన సెస్. 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. సొంతానికి కాని విమానాలకు 5 శాతం. అందుకని కొందరు పర్మిట్ తీసుకుని, వాడకం మాత్రం ఇంటి కారులా చేస్తారు. పర్మిట్ మీద సుంకం రాయితీ పొంది యజమాని గ్రూపు మాత్రమే వాడుకుంటోందని కస్టమ్స్ శాఖ గతంలో కేసులు పెట్టింది, ఏళ్లతరబడి నడిచాయి. ఈ దారిలో వెళ్లాలంటే చార్టర్ నిజంగా చెయ్యాలి, బిల్లులు నిజంగా ఉండాలి. విమానయాన పన్నులు తెలిసిన సీఏతో మాట్లాడకుండా లెటర్ ఆఫ్ ఇంటెంట్ (కొంటామని రాసిచ్చే తొలి పత్రం) మీద సంతకం వద్దు.

ప్ర: కొనుక్కుని ఆపరేటర్‌కి చార్టర్‌కిస్తే ఖర్చంతా వచ్చేస్తుందట, నిజమా?

కొంత వస్తుంది. అంతా రాదు. చార్టర్ ఎక్కువ తిరిగితే ఇంజిన్ గంటలు కరుగుతాయి, సీట్లు నలుగుతాయి. మీకు విమానం కావాల్సిన ముహూర్తాల రోజుల్లోనే, ఎన్నికల సీజన్‌లోనే బయటి గిరాకీ కూడా. ఒప్పందంలో మీ వాడకానికి ప్రాధాన్యం, కనీస హామీ గంటలు, ఆపరేటర్ కమిషన్, పైలట్లు ఎవరి జీతంలో ఉంటారు, ఇవి స్పష్టంగా ఉండాలి.

ప్ర: చార్టర్ కోట్‌లో గంట రేటు తక్కువ చూపించి బిల్లు ఎక్కువ వేస్తున్నారు. ఎలా?

విమానం మీ ఊళ్లో లేదు కాబట్టి. మన చార్టర్ జెట్లలో ఎక్కువ భాగం ఢిల్లీ, ముంబైల్లో ఉంటాయి. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లి రావడానికి విమానం ముంబై నుంచి ఖాళీగా రావాలి, ఖాళీగా పోవాలి, ఆ గంటలు మీవే. దానిమీద రోజుకు కనీస గంటలు, ల్యాండింగ్, పార్కింగ్, హ్యాండ్లింగ్, సిబ్బంది రాత్రి బస, అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. గంట రేటు అడగడం మానేసి, మొత్తం కలిపి చేతికి ఎంత అని అడగండి. రెండ్రోజులు ఆగాల్సిన పనైతే విమానాన్ని అక్కడే ఉంచడం చవకా, వెనక్కి పంపి మళ్లీ రప్పించడం చవకా అన్నది కూడా వాళ్లతోనే లెక్క కట్టించండి.

ప్ర: చార్టర్ ఆపరేటర్ మంచివాడని ఎలా తెలుస్తుంది?

పర్మిట్ ఉన్నవాళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీకు పంపబోయే విమానం వీటీ నంబరు ఆ పర్మిట్‌లో ఉందో లేదో చూడండి. ప్రైవేట్ విమానాన్ని అద్దెకు తిప్పేవాళ్లు ఉన్నారు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది అదే.

ఆ తర్వాత మనుషుల గురించి అడగాలి. 2015 నవంబర్ 10న అమెరికాలోని ఓహాయోలో ఎగ్జిక్యూఫ్లైట్ అనే చార్టర్ కంపెనీ నడిపిన హాకర్ 700 అక్రన్‌లో దిగబోతూ అపార్ట్‌మెంట్ మీద కూలింది. ఏడుగురు ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు చనిపోయారు. దర్యాప్తులో విమానం పాతదన్నది కారణంగా తేలలేదు. దిగేటప్పుడు పద్ధతి పాటించలేదు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) తప్పుగా పెట్టారు, వేగం పడిపోతున్నా సరిదిద్దలేదు, విమానం స్టాల్ అయింది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోయాయి. కో-పైలట్‌ని అతను అంతకుముందు పనిచేసిన వేరే కంపెనీ, శిక్షణలో సరిగా చేయలేదని తీసేసింది. బరువు లెక్కలు కూడా తప్పు. నిబంధనల విషయంలో ఎగ్జిక్యూఫ్లైట్ నిర్లక్ష్యాన్ని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ గట్టిగానే తప్పుపట్టింది.

కాబట్టి అడగండి: ఇద్దరు పైలట్లకూ ఈ రకం మీద ఎన్ని గంటలున్నాయి? చివరిసారి సిమ్యులేటర్‌లో ఎప్పుడు, ఎక్కడ? ఇద్దరూ కలిసి ఎగరడం కొత్తా? ఈరోజు వాళ్ల డ్యూటీ ఎన్నింటికి మొదలైంది? మంచి ఆపరేటర్‌కి ఈ ప్రశ్నలు ఇష్టం. చిరాకుపడ్డవాడి విమానం ఎక్కొద్దు.

ప్ర: అర్జెంటు పనుంది, పైలట్ వాతావరణం బాగోలేదంటున్నాడు. ఏం చెయ్యాలి?

కాఫీ తాగండి. బాలయోగి గారు 2002 మార్చిలో, రాజశేఖరరెడ్డి గారు 2009 సెప్టెంబర్‌లో పోయింది హెలికాప్టర్లలో. జెట్ వేరు, నిజమే. జెట్‌కి రాడార్ ఉంది, ఎత్తు ఉంది. అయినా వర్షాకాలం సాయంత్రం చిన్న రన్‌వే మీద దిగడం పైలట్ నిర్ణయమే. యజమాని, సెక్రటరీ, ఆపరేటర్ ముగ్గురూ ఫోన్లు చేసి ఒత్తిడి పెట్టకుండా ఉండాలి. విమానం కొన్నవాళ్లు పైలట్ నియామక పత్రంలోనే, వాతావరణం వల్ల ఆపినందుకు ప్రశ్నించబోమని రాసిస్తే మంచిది.

ప్ర: బడ్జెట్ ఇంకాస్త ఉంటే హాకర్ వదిలేసి ఏది చూడాలి?

సైటేషన్ లాటిట్యూడ్ 2015లో సర్టిఫికెట్ పొందింది. నేల చదునుగా ఉంటుంది, కేబిన్ ఎత్తు ఆరడుగులు, రేంజ్ 2,700 నాటికల్ మైళ్లు. ప్రేటర్ 500 ఇంకా కొత్తది, 2019ది. ఫ్లై బై వైర్ (పైలట్ ఆదేశాలు కంప్యూటర్ ద్వారా వెళ్లే నియంత్రణ), రేంజ్ 3,300 పైనే. ఇవి ఇంకా తయారవుతున్నాయి కాబట్టి విడిభాగాల దిగులు తక్కువ, వయసు పరిమితి గొడవ లేదు. ధర మాత్రం పాత హాకర్‌కి ఎన్నోరెట్లు. లియర్‌జెట్ల తయారీ 2022లో ఆగిపోయింది, వాటికీ హాకర్‌కి వేసిన ప్రశ్నలే వెయ్యాలి.

ప్ర: బేగంపేటలో ఉంచాలా, శంషాబాద్‌లోనా?

2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేటలో ఎయిర్‌లైన్ల రాకపోకలు ఆగిపోయాయి, చార్టర్లు మాత్రం నడుస్తున్నాయి. ఊరి మధ్యలో ఉంది కాబట్టి జూబ్లీహిల్స్, సికింద్రాబాద్‌వాళ్లకు సౌకర్యం. పని గంటలు ముందే అడిగి పెట్టుకోండి. విదేశీ ప్రయాణాలు ఎక్కువైతే, ఇమ్మిగ్రేషన్ ఎప్పుడూ ఉండే శంషాబాదే నయం. వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన జరిగే రోజుల్లో బేగంపేటలో జాగా దొరకడం కష్టం. కొనేవాళ్లు మాత్రం అక్కడికి తప్పకుండా వెళ్లాలి, నాలుగైదు రకాల కేబిన్లలోకి ఒకే పూటలో ఎక్కి దిగొచ్చు. హ్యాంగర్ జాగా గురించి విమానం ఖాయం చేసుకోకముందే రాతపూర్వకంగా మాట తీసుకోండి. మన ఎండలో ఏడాదంతా బయట నిలబెడితే పెయింటు, సీళ్లు, కిటికీ అద్దాలు మూడూ తొందరగా పోతాయి.